నేల నీది, గోడ నాది

వాగు ఒడ్డు ఇల్లు,
ఎండలు ముదిరిన రోజు.

బావమరిదికి,

నేను కులాసా. నువ్వెలా ఉన్నావో నీ ఉత్తరాల్లో రాయవు. ఎవరి నడుం ఎంత పెరిగిందో, ఎవరి చొక్కా ఎక్కడ చిరిగిందో రాస్తావు. ఈసారైనా నీ సంగతి రాయి.

ఇక్కడ వాగు సంరక్షణ సంఘం అని ఒకటి పెట్టారు. పాత పిండిమిల్లు గదిలో బల్లలు వేసుకుని కూర్చున్నారు. దాని పెద్ద ఒక ఆడమనిషి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు వేసుకుని మొన్న మన ఇంటికి వచ్చింది. పేరేదో చెప్పింది, నాకు నోరు తిరగలేదు. బూట్లమ్మా అని పిలిచాను. నవ్వింది. గుమ్మం బయటే బూట్లు విప్పింది, అదొక్కటి మంచి లక్షణం.

వచ్చిన పని విను. వాగుకీ పల్లం చేనుకీ మధ్య నేను కట్టిన గోడ ఉంది కదా, అది విప్పాలట. విప్పితే వానలప్పుడు వాగు నీళ్లు చేలోకి వచ్చి పరుచుకుంటాయట. కప్పలు, తాబేళ్లు, నేను పేరైనా వినని పిట్టలు చేరతాయట. చేను మునగకూడదని నేను గోడ కడితే, చేను ముంచడానికి గోడ తీస్తానంటోంది. అమ్మా, ముందు నీ మిల్లు కప్పు విప్పు, పిట్టలు ఇంకా సులువుగా వస్తాయి అన్నాను. దానికీ నవ్వింది. ఏమన్నా నవ్వే మనిషితో పోట్లాడడం కష్టం.

ఆ గోడ సంగతి నీకు వేరే చెప్పాలా. సున్నం చుక్క లేదు. రాయికి రాయే పట్టు. ఈ చివర కన్ను పెట్టి చూస్తే ఆ చివర దాకా దారం లాగినట్టు ఉంటుంది. మీ అక్క బతికున్న రోజుల్లో, నీళ్లు ఇంట్లోకి వచ్చిన ఏడు, ఆమె వణికిపోయింది. మళ్లీ వానలు పడేలోగా కట్టి నిలబెట్టాను. ఆ తర్వాత వాగు ఎన్నిసార్లు పొంగినా ఒక్క రాయి కదల్లేదు. నేను పోయాక నేనెలాంటి మేస్త్రినో ఎవరైనా అడిగితే నోరు నొప్పి పెట్టుకోకు. తీసుకెళ్లి గోడ చూపించు, చాలు.

అన్నట్టు, నిన్న ఒక మంచి పని చేశాను. పై వంపు దగ్గర ఎవరో తలమాసినవాళ్లు వాగులో చెట్ల దుంగలు అడ్డదిడ్డంగా పడేసి పోయారు. నీళ్లకు దారి లేదు. మోకు వేసి ఒక్కొక్కటీ బయటికి లాగి, ఒడ్డున పొడుగు ప్రకారం పేర్చాను. నడుం పట్టేసింది కానీ కంటికి తృప్తిగా ఉంది. సంఘమని పేరు పెట్టుకున్నవాళ్లకు ఆ చెత్త కనబడలేదు, నా గోడ కనబడింది.

ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఒక పూట పట్టింది. జవాబు త్వరగా రాయి.

మీ బావ.



రైలు కట్ట వెనక వీధి,
దర్జీ కొట్టు మీది గది.

బావకు నమస్కారం.

నేను బాగానే ఉన్నాను. మోకాలు మెట్లెక్కేటప్పుడు మూలుగుతుంది, దిగేటప్పుడు ఊరుకుంటుంది. అందుకే ఎక్కువగా కొట్లోనే ఉంటున్నాను. చాలా?

ఇక నాకు తెలిసిన విద్య రాస్తాను, విసుక్కోకు. స్టేషన్లో టికెట్లిచ్చే పెద్దమనిషి తన పాత కోటు తెచ్చాడు. మనిషి ఒళ్లు చేశాడు, గుండీలు పెట్టుకుంటే ఊపిరాడడం లేదు. కుట్టు విప్పి చూస్తే లోపలి మడతలో రెండు వేళ్ల బట్ట ఉంది. కుట్టినప్పుడు నేను వదిలిందే. ఆ రోజుల్లో నా గురువు కూడా బట్ట దండగ అని తిట్టాడు. మనిషి పెరుగుతాడు, తరుగుతాడు, బట్టలో ఆ వదులు ఉండాలి అని నా మొండితనం. కోటు ఇప్పుడు సరిపోయింది. నీ గోడ గురించి చెప్పడం లేదు, కోటు గురించే చెబుతున్నాను.

గోడ విప్పమని నేను అనను, వద్దనీ అనను. కానీ ఆ బూట్లమ్మ ఎందుకు అడుగుతోందో పూర్తిగా విన్నావా, లేక కప్పు మీద హాస్యమాడి పంపించేశావా?

ఇంకొకటి. ఆ దుంగలు కొట్టుకొచ్చాయా, ఎవరైనా పనిగట్టుకుని పెట్టారా? ఒకసారి కనుక్కో. ముందు లాగి తర్వాత అడగడం నీకు మొదటి నుంచీ ఉంది. మా అక్కను చూడడానికి మొదటిసారి మా ఇంటికి, ఇప్పుడు నువ్వుంటున్న ఆ ఇంటికే, వచ్చి, గడప వంకరగా ఉందని దాన్ని ఊడబెరికినవాడివి నువ్వు. సాయంత్రం దాకా మా నాన్న ఇంట్లోకి కిటికీ ఎక్కి రావలసి వచ్చింది.

నీ బావమరిది.



వాగు ఒడ్డు ఇల్లు,
మొదటి మబ్బు పట్టిన రోజు.

బావమరిదికి,

నీ నోట్లో ఏముందో గానీ అన్నంతా అయింది. ఆ దుంగలు సంఘం వాళ్లవే. వాళ్లే మోసుకొచ్చి, నీళ్లలో వేసి, కొట్టుకుపోకుండా చెట్ల వేళ్లకు తీగతో కట్టారట. ఆ తీగ నేనూ చూశాను. చెత్తలో తీగ కూడానా అనుకుని చుట్టచుట్టి పక్కన పెట్టాను. దుంగ అడ్డముంటే నీళ్ల వడి తగ్గుతుందట, దాని వెనక చిన్న మడుగు కడుతుందట, చేపలు అక్కడ ఆగి గుడ్లు పెట్టుకుంటాయట. ఇంతమంది కలిసి ఎన్నాళ్లో పడ్డ కష్టాన్ని నేనొక్కణ్ణే ఒక పూటలో శుభ్రం చేశాను.

బూట్లమ్మ వచ్చి నేను ఒడ్డున పేర్చిన వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూసింది. తిడితే తిరిగి తిడదామని నేను గొంతు సవరించుకుని ఉన్నాను. తిట్టలేదు. పేర్పు బాగుందంది. వాళ్లు పెట్టినవి ఎలాగూ ఒక్క వానకే జారిపోతున్నాయని, మళ్లీ పెట్టడానికి నన్ను రమ్మంది.

తప్పయిందని నేను అనలేదు. వాగులో వస్తువు పెట్టినవాళ్లు ఒక బోర్డు పెట్టాలి. కానీ లాగింది నేనైనప్పుడు పెట్టవలసింది కూడా నేనే కదా. మర్నాడు పొద్దున్నే వెళ్లాను.

అక్కడ నా పాట్లు చూడాలి. నేను దారం పట్టి దుంగను ఒడ్డుకు సమంగా పెడతాను. ఆవిడ నీళ్లలోకి దిగి ఒక చివరను కాలితో నెడుతుంది. నేను సరిచేస్తాను, ఆవిడ చెడగొడుతుంది. వంకరగానే ఉండాలట. వాగు తిన్నగా ఉంటే పరుగెడుతుందట, మెలికలు తిరిగితే నడుస్తుందట. చివరికి దుంగ మీద కూర్చుండిపోయి అన్నాను:

"అమ్మా, నా జన్మలో వంకర పని చేయలేదు."

"అందుకే మిమ్మల్ని పిలిచాను. తిన్నగా పెట్టడం తెలిసిన చెయ్యి వంకర పెడితే జారదు," అంది.

మెచ్చుకుందో ఎత్తిపొడిచిందో ఇంకా తేల్చుకోలేదు. కానీ ఒకటి చెబుతాను. తిన్నగా పెట్టడానికి దారం ఉంది, దాని చివర వేలాడే ఇనుప గుండు ఉంది. వంకరకు కొలత లేదు. నీళ్లలో నిలబడి, అవి పిక్కలకు ఎటు తగులుతున్నాయో చూసుకుని పెట్టాలి. రెండు దుంగలు పాడు చేశాక పట్టు దొరికింది. మూడో దాని వెనక మధ్యాహ్నానికే వేలెడు చేపలు చేరాయి. నీళ్లకు ఎదురు మొహం పెట్టి, తోకలు మాత్రం ఆడిస్తూ ఉన్నచోటే ఉన్నాయి. మేస్త్రి కన్నుగప్పి నీడన చేరిన కూలీల్లా ఉన్నాయి. కసురుదామనిపించింది.

గోడ మాట ఎత్తితే మళ్లీ రానని ముందే చెప్పాను. ఎత్తలేదు.

మీ బావ.



రైలు కట్ట వెనక వీధి.

బావకు నమస్కారం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా బావ వంకర పని చేస్తున్నాడని కొట్లో అందరికీ చెప్పాను. తప్పుగా అర్థం చేసుకుని అయ్యో అన్నారు.

మళ్లీ రానని చెప్పాను అని రాశావు. అంటే రోజూ వెళ్తున్నావన్నమాట. సంతోషం. తడి బట్టలతో ఇంటికి నడవకు, ఒక పంచె అక్కడ ఉంచుకో. దారం, గుండు ఇక అక్కర్లేకపోతే ఆ గుండు నాకు పంపు. ఫ్యాను గాలికి బట్ట ఎగరకుండా పెట్టుకుంటాను.

గోడ సంగతి నన్ను అడగకు. అది నీకూ వాగుకూ మధ్య.

నీ బావమరిది.



వాగు ఒడ్డు ఇల్లు.

బావమరిదికి,

నీకూ వాగుకూ మధ్య అని రాశావు. మధ్యలో నువ్వున్నావని ఎందుకు రాయలేదు?

నిన్న వాన పడుతుంటే మిల్లు గదిలోకి వెళ్లాను. అక్కడ ఒక పటం తగిలించారు. వాగు పొడుగునా ఏ నేల ఎవరిదో రంగులు వేసి పేర్లు రాశారు. కూడబలుక్కుని చదివాను. పల్లం చేను మీద నీ పేరుంది. ఉండాల్సిందే, అది మీ నాన్న నీకు రాసిన చేను. ఇన్నేళ్లూ నేనే దున్ని, నేనే కోసి, నాదేనన్నట్టు తిరిగాను. నువ్వూ ఒక్కసారి గుర్తు చేయలేదు.

బూట్లమ్మను అడిగాను. అబద్ధం ఆడలేదు. వేసవికి ముందే నీకు ఉత్తరం రాశారట, నువ్వు జవాబు కూడా ఇచ్చావట. ఏమిచ్చావో మీరే అడగండి అంది.

అంటే నేల నీది. ఒప్పుకోవలసింది నువ్వు. నా గుమ్మం దాకా వచ్చి నన్ను అడిగినట్టు నటించడం దేనికి? ముసలాయన నొచ్చుకుంటాడని నువ్వే పంపావా? నా మీద జాలిపడే హక్కు నేనెవరికీ ఇవ్వలేదు, నీకసలే ఇవ్వలేదు. గోడ మీద పిల్లి అని నిన్ను మీ అక్క ఊరికే అనలేదు.

మిల్లుకు వెళ్లడం మానేశాను.



రైలు కట్ట వెనక వీధి.

బావకు,

సంతకం పెట్టడం మరిచిపోయావు. అంత కోపం వచ్చిందన్నమాట. న్యాయమే.

నేను వాళ్లకు ఏం రాశానో వినిపిస్తాను. మీరడిగిన నేల నాది, దాని మీది గోడ మా బావది, ఆయన సరేనంటేనే నేను సరేనంటాను, ఆయన్ను బలవంతపెట్టవద్దు అని రాశాను. అంతే. ఇందులో జాలి లేదు. నా దగ్గరికి ఒకడు బట్ట తెస్తాడు, నేను చొక్కా కుడతాను. బట్ట అతనిదే. కానీ ఆ చొక్కా మీద ఇంకెవడో కత్తెర పెడితే నా ప్రాణం ఒప్పుకుంటుందా? ఆ గోడకు రాళ్లు మోసిన ఎండాకాలం నేనూ అక్కడ ఉన్నాను. నీ వేళ్లు పగిలి, అక్క వాటికి గుడ్డ చుట్టడం చూశాను. అది పటంలో ఎక్కదు, అందుకే వాళ్లకు రాయవలసి వచ్చింది.

నీకెందుకు చెప్పలేదంటావా? చెబితే ఏం చేసేవాడివో నాకు తెలుసు. నీ నేల, నీ ఇష్టం అని పార విసిరేసి ఇంట్లో కూర్చునేవాడివి. అలిగి ఇచ్చిన ఒప్పుకోలు నాకొద్దు.

నువ్వు వద్దంటే వద్దు. గోడ ఉంటుంది, నేను మళ్లీ అడగను. సరేనంటే, నీకు నిజంగా అనిపించి అను. ఇంకొక మాట ఉంది, అక్క సంగతి. అది ఇప్పుడు చెబితే ఆమె పేరు చెప్పి నీ చెయ్యి పట్టి లాగినట్టవుతుంది. అటో ఇటో నువ్వు తేల్చుకున్నాక రాస్తాను.

కోపం తగ్గకపోయినా తిండి మానకు.

నీ బావమరిది.



వాగు ఒడ్డు ఇల్లు,
పెద్ద వాన వెలిసిన మర్నాడు.

బావమరిదికి,

తిండి మానలేదు. నా కోపానికీ ఆకలికీ చుట్టరికం లేదు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాద్దామని కూర్చోవడం, లేవడం. మొన్న పెద్ద వాన పడి వాగు పొంగింది. తెల్లారగానే గోడ చూడడానికి వెళ్లాను. రాయి కదల్లేదు. నీళ్లు గోడను రాసుకుంటూ రైలు పోయినట్టు పోతున్నాయి. ఛాతీ విరుచుకుని కాసేపు నిలబడ్డాను. చూసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి కింది వంపు దాకా నడిచాను, ఎవరైనా దొరికితే మాట్లాడదామని.

అక్కడ మొక్కల ఆవిడ ఉంది. నారు పెంచి అమ్ముకుంటుంది, నీకు గుర్తుండదు. గట్టు విరిగి, దాంతో పాటు ఒక వరస మొక్కలు వాగులో పడ్డాయి. మిగిలినవాటిని ఆవిడ బుట్టల్లోకి ఎత్తి వెనక్కి మోస్తోంది. ఏటా ఇదే తంతు. ఏటా నేను వెళ్లి, నాలాగా గోడ కట్టుకోవే పిచ్చిమొహమా అని చెప్పి వస్తాను. నిన్న కూడా నా పాటే పాడాను. ఆవిడ బుట్ట దించి, నెమ్మదిగా అంది:

"కడతాను పెద్దాయనా. కడితే మరి నా కిందివాళ్ల గట్టు పోదా?"

ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది.

వెనక్కి వచ్చి గోడ చివర వంగి, పనిలో ఉన్నప్పుడు చూసేవాణ్ణే, అలా ఒక కన్ను మూసి చూశాను. గోడ తిన్నగా ఉంది. దాని పక్కన నీళ్లూ తిన్నగా ఉన్నాయి. గోడ అయిపోయిన చోట నీళ్లు ఆగలేదు, అదే వరసలో పోయి ఆవిడ గట్టుకు గుద్దుకుంటున్నాయి. దారం పట్టి గురి చూసి కొట్టినా అంత సరిగ్గా తగలదు. నా గోడ నిలబడిందని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. ఎవరి గట్టు పడగొట్టి నిలబడిందో చూడడానికి అంత దూరం ఎప్పుడూ వంగి చూడలేదు. నీరు పల్లమెరుగు అంటారు. పల్లం చూపించకుండా తలుపేసిందే నేను.

అక్కణ్ణుంచే మిల్లుకు పోయాను. బూట్లమ్మతో చెప్పాను, గోడ విప్పుతాను, నా షరతులు ఇవి అని. ఇంటి వైపు మలుపు అలాగే ఉంటుంది, అది మీ అక్క కోసం కట్టింది. చేను వైపు మాత్రమే విప్పుతాను. యంత్రం తేకూడదు. నేను పెట్టిన రాయి నేనే తీస్తాను, మోయడానికి మనుషులనిస్తే చాలు. తీసిన రాళ్లలో పెద్దవి మొక్కల ఆవిడ గట్టు అడుగున పరచాలి. ఎలా పరచాలంటే, వంకరగా. అది ఇప్పుడు నాకు వచ్చు.

అన్నిటికీ తలూపింది. ఈసారి నవ్వలేదు. లోపలికి వెళ్లి టీ తెచ్చింది, నా దానికి చక్కెర ఎక్కువ వేసింది.

నేల నీది, గోడ నాది. నేను సరేనంటున్నాను. అలిగి కాదు. ఇప్పుడు నీ మాట చెప్పు.

మీ బావ.



రైలు కట్ట వెనక వీధి.

బావకు నమస్కారం.

సంఘానికి నా సంతకం ఈ రోజే పంపాను.

ఇక అక్క మాట. గోడ కట్టిన మరుసటి ఏడు ఆమె నా దగ్గర కొన్నాళ్లు ఉంది, గుర్తుందా? ఒంట్లో బాగాలేక వచ్చిందనుకున్నావు. ఒంటికేం లేదు, నిద్ర లేదు. మా ఇంట్లో రైళ్ల చప్పుడుకు ఎవరూ నిద్రపోలేరు. ఆమె మొదటి రోజే పొద్దెక్కేదాకా పడుకుంది. ఏమిటే అని అడిగితే చెప్పింది. పుట్టినప్పటి నుంచీ ఆ చేలో కప్పల అరుపు వింటూ పడుకున్నదట. గోడ కట్టాక చేను ఎండి కప్పలు పోయాయి. అంత నిశ్శబ్దంలో కన్ను మూతపడడం లేదు అంది.

బావకు చెప్పవే అన్నాను. నా మీద ఇంతెత్తున ఎగిరింది. "ఆయన చేతులు చూశావా? ఆ గోడ నా కోసం కట్టాడు. కప్పల కోసం ఆయన మొహం చిన్నబుచ్చమంటావా? నోరు మూసుకుని బట్టలు కుట్టుకో," అంది. తర్వాత అలవాటు పడ్డానని చెప్పింది. నేను నమ్మలేదు.

నోరు మూసుకున్నాను. ఇప్పుడు రాసినందుకు అక్క పైనుంచి నన్ను తిడుతుంది. పడతాను.

నీ బావమరిది.



వాగు ఒడ్డు ఇల్లు.

బావమరిదికి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు సగం గోడ విప్పాను. చదివి జేబులో పెట్టుకుని మిగతా సగం విప్పాను. ఆ పూట ఎవరినీ కసరలేదు. రాళ్లు మోసేవాళ్లు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. అనుకోనీ.

వానకాలం కూడా ముదిరింది. వాగు రెండుసార్లు చేలోకి వచ్చింది. దూకుతూ రాలేదు, చుట్టాలింటికి వచ్చినట్టు నెమ్మదిగా వచ్చి కూర్చుంది. ఇంటి వైపు గడప కూడా తడవలేదు. మొక్కల ఆవిడ గట్టు నిలిచింది. నన్ను చూసి, ఈ ఏడు తిట్టడానికి రాలేదేం పెద్దాయనా అంది. ఈసారి గట్టు పని నాది, నన్ను నేనే తిట్టుకోవాలా అన్నాను. ఒక మొక్క చేతిలో పెట్టింది. ఏం మొక్కో అడగలేదు, నాటాను.

చేను నిండా నీళ్లు, గడ్డి, ముక్కు పొడుగు పిట్టలు. బూట్లమ్మ వాటి పేర్లు చెబుతుంది, నేను మరిచిపోతాను, మళ్లీ చెబుతుంది. ఒక తాబేలు మాత్రం రోజూ ఒకే రాయి మీదకు ఎక్కుతుంది. అది నా పాత మూలరాయి. దాని ఎంపిక బాగుంది.

గుండు అడిగావు. పంపను. ఇంటి వైపు మలుపు ఇంకా తిన్నగానే ఉంది, దాన్ని అప్పుడప్పుడు చూసుకోవాలి. నీ బట్ట ఎగిరితే ఇస్త్రీపెట్టె పెట్టుకో.

ఇక కప్పలు. మొన్న పొద్దుగూకే వేళ ఒకటి మొదలుపెట్టింది. దాని వెనక పది, పది వెనక వంద. ఒకటి ఆపితే ఇంకొకటి అందుకుంటుంది. నా మాట నాకే వినబడడం లేదు. ఈ గోలలో మనిషన్నవాడికి నిద్ర పట్టదు, మీ అక్కకు ఎలా పట్టేదో ఆ తల్లికే తెలియాలి.

మంచాన్ని వెనక వసారాలోకి లాక్కున్నాను. అక్కడ ఇంకా బాగా వినబడుతుంది.

మీ బావ.